మే పదహారు తర్వాతి రీడింగులు

నాకంటే ముందు ఇంకా ముగ్గురున్నారు. ఆ ముగ్గురూ మాట్లాడడం అయిపోయాక సెక్రటరీ దుర్గాప్రసాద్‌గారు మైకులో నా పేరు పిలుస్తారు. నేను లేచి వెళ్ళి, మా అమ్మని బతికించినందుకు ఈ సేవా క్లబ్బు వాళ్ళకి కృతజ్ఞతలు చెప్పాలి. మా అమ్మ మే పదహారున చనిపోయింది. ఈ హాల్లో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఎనభై మంది దాకా ఉన్నారు, కుర్చీకీ కుర్చీకీ మధ్య చెయ్యి చాపినంత ఖాళీ వదిలారు, అందరి మొహాలకీ మాస్కులు, ఫాన్లు తిరుగుతున్నా నా మాస్కు లోపల చెమట పెదవి మీదికి కారుతోంది. ఇప్పుడు లేచి బాత్రూముకని చెప్పి వెళ్ళిపోవచ్చు. రెండు అంతస్తుల మెట్లు దిగితే కింద నాన్న ఉంటాడు. ఆయన పైకి రాలేడు, కరోనా తగ్గాక ఆరు మెట్లెక్కితే ఏడో మెట్టు మీద కూర్చుండిపోతాడు, అందుకే వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని నువ్వెళ్ళిరామ్మా అన్నాడు. క్లబ్బు వాళ్ళకి అమ్మ సంగతి ఎప్పుడో తెలుసనుకుంటున్నాడు నాన్న. మా పెదనాన్న ఇశ్రాయేలు అప్పుడే ఫోన్ చేసి చెప్పేశాడనుకుంటున్నాడు. పెదనాన్నేమో నేను చెప్పి ఉంటాననుకున్నాడు. నేను చెప్పలేదు.

పొద్దున కూచిపూడిలో బస్సెక్కినప్పటి నుంచీ చెప్పాల్సిన నాలుగు మాటలు లోపల అనుకుంటూనే ఉన్నాను. పామర్రు దాటింది, ఉయ్యూరు దాటింది, కంకిపాడు దగ్గర బస్సు చాలాసేపు ఆగింది, అప్పుడూ అనుకుంటూనే ఉన్నాను. నాన్న కిటికీ పక్కన కూర్చుని కాలువకేసి చూస్తూ ఈసారి నీళ్ళు బాగా వదిలారు అన్నాడు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. నాన్నా, వాళ్ళకి తెలీదు, అమ్మ బతికే ఉందనుకుంటున్నారు, మనం దిగిపోదాం. అంతే కదా. అవును నాన్నా అన్నాను. ఎప్పుడూ ఇంతే నేను, క్లాసులో లెక్క జవాబు ముందే తెలిసినా చెయ్యెత్తను, ఇంకొకరు చెప్పాక నాకూ అదే వచ్చిందని నోటుబుక్కులో చిన్న టిక్కు పెట్టుకుంటాను.

తలుపు పక్కన గోడకి ఒక చెక్క పలక ఉంది. దానికి వరసగా కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక్కో సభ్యుడి పేరు రాసిన బ్యాడ్జీ. మీటింగుకి వచ్చినవాళ్ళు ఎవరిది వాళ్ళు తీసి పెట్టుకోవాలి, వెళ్ళేటప్పుడు మళ్ళీ తగిలించాలి, ఒకరిది ఇంకొకరు ముట్టుకోకూడదు, క్లబ్బు పెట్టినప్పటి నుంచీ అదే పద్ధతి అని తలుపు దగ్గర శానిటైజర్ పోస్తున్న రావమ్మగారు నాకు చెప్పారు. ఏడాదిన్నర పాటు అందరూ ఫోన్లలోనే మీటింగులు పెట్టుకున్నారు, ఆ పలక దుమ్ము పట్టిపోయింది, ఈ రోజు కోసమే తుడిపించారట. వచ్చినవాళ్ళు వచ్చినట్టు తీసుకుంటుంటే పలక ఖాళీ అవుతూ వచ్చింది. చివరికి పదకొండు మిగిలాయి. వాటిని తియ్యడానికి ఎవరూ రారు. సాయం అందుకుని కోలుకున్నవాళ్ళ కోసం ఈసారి కొత్తగా కింద ఇంకో వరస చేశారు. అందులో నాదొకటి, దాని పక్కన తెరేసమ్మ అని ఇంకొకటి. అక్షరాలు ఎవరో ఓపిగ్గా స్కెచ్‌పెన్నుతో రాశారు. నేను రెండూ తీసుకోబోతే రావమ్మగారు నవ్వుతూ చెయ్యి అడ్డం పెట్టి, "మీ అమ్మగారిది ఆవిడే వచ్చి తీసుకోవాలమ్మా, అది ఉండనీ" అన్నారు. నేను నాది ఒక్కటే తీసుకున్నాను. కూర్చున్న చోటు నుంచి ఆ పలక కనిపిస్తోంది. చూడకూడదనుకుంటాను, కళ్ళు అటే పోతాయి. పైన పదకొండు, కింద ఒకటి.

మీటింగు మొదలవక ముందు వీళ్ళంతా ఎంత గోల చేశారో. ఫోన్లో మొహాలే చూసుకున్నవాళ్ళు ఒక్కసారిగా మనుషుల్ని నిలువునా చూసేసరికి పెళ్ళింట్లో కలిసినట్టు అరుచుకున్నారు. ఒకాయన దుర్గాప్రసాద్‌గారి పొట్ట మీద చెయ్యి వేసి, ఇదెక్కడ దాచారండీ ఇన్నాళ్ళూ, ఫోన్లో కనపడలేదే అన్నాడు. ఇంకొకావిడ, ఇక ఈయన మొదలుపెడితే మ్యూట్ చెయ్యడానికి బటనుండదు, మన గతేంటండీ అంటే అందరూ నవ్వారు, దుర్గాప్రసాద్‌గారు కూడా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. వచ్చిన వెంటనే భయం వేసింది. ఆ నవ్వు ఎవరైనా చూస్తే, ఈ పిల్ల వాళ్ళమ్మకి తగ్గింది కాబట్టి నవ్వుతోంది అనుకుంటారు.

అప్పుడే ఛాయాదేవి ఆంటీ వచ్చారు. మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. గొంతు తప్ప నాకేమీ తెలీదు. పొడవుగా, కొంచెం లావుగా, కళ్ళద్దాలతో ఉంటారని ఎందుకో అనుకున్నాను. సన్నగా, నా చెవి వరకే ఉన్నారు. వెనక నుంచి, "దీవెనా?" అన్నారు. ఆ ఒక్క మాటకే గుర్తుపట్టాను. మే నెలలో పొద్దున ఎనిమిదింటికీ సాయంత్రం ఆరింటికీ క్లబ్బు తరఫున ఫోన్లో ఆ గొంతే. "దీవెనా? నంబరెంతమ్మా?" నా బుగ్గ మీద చెయ్యి వేసి, అమ్మ రాలేదేం తల్లీ అని అడిగారు. ఓపిక లేదండీ అన్నాను. నాలుక దానంతట అదే అనేసింది. మే నెల నుంచీ దానికి అలవాటైపోయింది. ఆవిడ నా భుజం నొక్కి, పోన్లే, ఒకసారి నేనే మీ ఊరొచ్చి చూస్తాను అని ముందు వరసలోకి వెళ్ళిపోయారు. మా ఊరొచ్చి ఏం చూస్తారు. చర్చి వెనక సమాధుల తోటలో, చెరకు చేను గట్టు వైపు, ఇంకా సిమెంటు కట్టించని మట్టి.

మొదటి మనిషి మైకు దగ్గరికి వెళ్ళాడు. ఏదో చెబుతున్నాడు. బెడ్ దొరకలేదంటున్నాడు, క్లబ్బు వాళ్ళు దేవుళ్ళంటున్నాడు, చప్పట్లు. నేను ఆక్సిజన్ మిషన్ శబ్దం వింటున్నాను. అది ఇక్కడ లేదు, కానీ వింటున్నాను. గుర్రుమంటూ ఉంటుంది, కాసేపటికోసారి బుస్సుమని గాలి వదులుతుంది, పక్కన సీసాలో నీళ్ళు బుడబుడలాడతాయి. మే ఏడున క్లబ్బు వాళ్ళు వేనులో తెచ్చి దించారు. నాకూ పాజిటివే, కానీ జ్వరం మూడు రోజుల్లో పోయింది. అమ్మకి పోలేదు. నాన్నకి ఎక్కువైతే ఛాయాదేవి ఆంటీయే విజయవాడ ఆస్పత్రిలో బెడ్ చూసిపెట్టి అంబులెన్సు పంపారు. ఇంట్లో అమ్మా నేనూ మిగిలాం. అమలమ్మ పెద్దమ్మ రోజుకి రెండుసార్లు పిట్టగోడ మీద గిన్నె పెట్టి, దూరం వెళ్ళి నిలబడి, తీసుకో అని కేకేసేది. అమ్మ వేలికి ఆక్సీమీటర్ పెట్టడం, నంబరు డైరీలో రాయడం, ఫోన్ రాగానే చెప్పడం, అదే నా పని. ఆంటీ ఆ నంబరు విని నాన్నకి ఫోన్ చేసి చెప్పేవారు. నాన్న సాయంత్రాలు నాకు చేసేవాడు, మాట్లాడలేక ఆగి ఆగి, "మిషన్... దగ్గర పెట్టు ఫోను" అనేవాడు. ఆ గుర్రుమనే శబ్దం కాసేపు విని ఫోన్ పెట్టేసేవాడు.

పదహారో తారీఖు పొద్దున ఎనభై నాలుగు. ఆదివారం. ఆంటీ కంగారుపడి బోర్లా పడుకోబెట్టమ్మా అన్నారు, పడుకోబెట్టాను. పదకొండున్నరకి అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఏదో అడిగింది, నీళ్ళనుకుని గ్లాసు తెచ్చాను. తెచ్చేసరికి వేలికున్నదాంట్లో నంబరు లేదు. రెండు గీతలు. బ్యాటరీ అయిపోయిందనుకున్నాను. నా వేలికి పెట్టుకుంటే తొంభై ఎనిమిది చూపించింది. మళ్ళీ అమ్మ వేలికి పెట్టాను. రెండు గీతలు. వేలు మార్చాను. చెయ్యి మార్చాను. పది వేళ్ళకీ పెట్టాను.

రెండో మనిషి మాట్లాడుతున్నాడా? కాదు, మొదటాయనే, ఇంకా అవలేదు. మంచిది. అవకూడదు.

నాలుగింటికల్లా తీసుకెళ్ళిపోయారు. పంచాయతీ ట్రాక్టరు, నీలం బట్టల్లో ఇద్దరు, దూరంగా ఫాదర్‌గారు. నన్ను రానివ్వలేదు. వీధి అవతల నిలబడి పెదనాన్న ఏడుస్తూనే చెప్పాడు, మీ నాన్నకి తెలియనివ్వద్దు, ఆయన ఊపిరి దారం మీద ఉందంటున్నారు, వింటే తట్టుకోలేడు, ఇంటికొచ్చేదాకా నోరు విప్పకు అని. ఆరింటికి ఫోన్ మోగింది. "దీవెనా? ఎంతమ్మా ఇప్పుడు?" ఆవిడకి చెబితే నాన్నకి తెలిసిపోతుంది. ఆవిడకి అబద్ధం చెప్పడం రాదని ఆ గొంతు వింటేనే తెలుస్తుంది. నా ఎదురుగా అమ్మ మంచం, దుప్పటి కూడా తీసుకెళ్ళిపోయారు, మిషన్ ఇంకా తిరుగుతూనే ఉంది, ఎవరూ ఆపలేదు. ఎనభై ఆరండీ అన్నాను. హమ్మయ్య అన్నారు. ఏడింటికి నాన్న చేశాడు. ఫోన్ మిషన్ దగ్గర పెట్టాను. చాలాసేపు విన్నాడు. సరే అని పెట్టేశాడు. అప్పుడు నేను మిషన్ ఆపాను. మళ్ళీ భయమేసి వేశాను. కరెంటు పోతే ఏడుపొచ్చేది, నాన్న ఫోన్ చేసే వేళకి కరెంటుండాలి దేవుడా అని జపమాల పట్టుకునేదాన్ని. చనిపోయిన అమ్మ కోసం ఒక్క జపమాల చెప్పలేదు. కరెంటు కోసం చెప్పాను.

పదిహేడు పొద్దున ఎనభై ఏడు, సాయంత్రం ఎనభై తొమ్మిది. మరీ తొందరగా పెంచకూడదని జాగ్రత్తపడ్డాను. ముందు రాత్రే డైరీలో రాసిపెట్టుకునేదాన్ని. పద్దెనిమిది సాయంత్రం ఆంటీ గొంతు వేరేగా ఉంది. మధ్యాహ్నం మా ఆయన పోయారమ్మా అన్నారు. తిరుపతిరావుగారు. ఆ పలక మీద పైవరసలో నాలుగో బ్యాడ్జీ ఆయనదే, వచ్చేటప్పుడు చదివాను. ఆవిడే, "నీ నంబరు చెప్పు తల్లీ" అన్నారు. తొంభై అన్నాను. ఆవిడ ఏడుస్తూ, "ఒక్కటైనా పైకెళుతోంది" అన్నారు. భర్త పోయిన రోజు సాయంత్రం. నేను ఆవిడకి ఇచ్చింది అది.

చప్పట్లు. ఇప్పుడు రెండో మనిషి వెళ్ళింది, ఎవరో ముసలావిడ, కర్ర పట్టుకుని నడుస్తోంది, ఆవిడ నిజంగానే బతికింది. ఎదురుగా నిలబడి ఊపిరి పీలుస్తోంది. ఆవిడ మీద నాకు కోపం వస్తోంది. ఛీ.

పొద్దున సభ మొదట్లో అందరినీ లేచి నిలబడమన్నారు. పోయినవాళ్ళ పేర్లు చదివారు, సభ్యులు పదకొండు మంది, క్లబ్బు సాయం అడిగినవాళ్ళలో ఇరవై ఆరు మంది. ఒక్కో పేరు తర్వాత కాస్త ఆగుతున్నారు దుర్గాప్రసాద్‌గారు. మా అమ్మ పేరు లేదు. ఎలా ఉంటుంది. ఎవరెవరి అమ్మల కోసమో తల వంచుకుని నిలబడ్డాను, మా అమ్మ కోసం ఎవరూ నిలబడలేదు. కానీ నేను విన్నది అందుకు కాదు. ప్రతి పేరునీ పళ్ళు బిగబట్టి విన్నాను. ఊళ్ళ పేర్లు చదువుతారేమోనని. గుడివాడ అంటారేమోనని. పేర్లు మాత్రమే చదివారు.

ఇరవయ్యో తారీఖు సంగతి ఇది. డైరీలో రాయలేదు, అన్నీ రాసే డైరీలో కూడా. ఆ రోజు సాయంత్రానికి తొంభై అయిదు అని ముందే నిర్ణయించుకుని ఉన్నాను. ఆంటీ ఫోన్ చేసి, నంబరు అడగక ముందే, "గుడివాడ వైపు నుంచి ఒకళ్ళు మిషన్ కోసం చాలా అడుగుతున్నారమ్మా, అమ్మకి తొంభై అయిదు దాటితే రేపు వేను పంపిస్తాను, లేదంటే వద్దు, మీ అమ్మకి పూర్తిగా తగ్గాకే" అన్నారు. నోటి దాకా వచ్చింది తొంభై అయిదు. ఇచ్చేస్తే రేపు సాయంత్రం నాన్న ఫోన్ చేస్తాడు, మిషన్ దగ్గర పెట్టమంటాడు. ఏం పెట్టాలి. నాన్నని శనివారం పంపిస్తామన్నారు. ఇంకా రెండు రోజులు. రెండు రోజులే కదా అనుకున్నాను. తొంభై రెండండీ అన్నాను. సరేనమ్మా, ఉంచుకో అన్నారు. ఆ మిషన్ ఖాళీ మంచం పక్కన ఇంకా రెండు రోజులు గాలి వదిలింది, ట్యూబు చివర ఎవరి ముక్కూ లేదు, ఆ గాలి మా ఇంటి గోడలకి తగిలింది.

శనివారం నాన్న వచ్చాడు. అమ్మ ఎక్కడని అడగలేదు, మంచం చూసి నేల మీద కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఆంటీకి తగ్గిందండీ, మిషన్ తీసుకెళ్ళండి అని చెప్పాను. నిజం చెప్పేద్దామనే ఫోన్ ఎత్తాను, ఆవిడ ముందే, "నవ్వుతోందా మీ అమ్మ?" అని అడిగారు. ఆదివారం వేను వచ్చింది. ఇక్కణ్ణించి గుడివాడ వెళుతుందా అన్నా అని డ్రైవర్ని అడిగాను. లేదు చెల్లీ, విజయవాడ ఆఫీసుకే, ఆ గుడివాడ వాళ్ళు ఇక వద్దన్నారంట అన్నాడు. ఇక వద్దు. బెడ్ దొరికి ఉండొచ్చు. ఇంకెవరో మిషన్ ఇచ్చి ఉండొచ్చు. తగ్గి ఉండొచ్చు. అయిదు నెలలుగా ఈ మూడూ మార్చి మార్చి అనుకుంటున్నాను. నాలుగోది అనుకోను. స్కూల్లో, బోరింగు దగ్గర, నాన్నకి అన్నం పెట్టేటప్పుడు, నాన్న దగ్గినప్పుడు. నాన్న బతికాడు కదా అనుకుంటాను. అప్పుడే నాలుగోది వస్తుంది.

ముసలావిడకి చప్పట్లు. మూడో మనిషి మాట్లాడనన్నాడట. మాట్లాడనన్నాడట. దుర్గాప్రసాద్‌గారు కాగితంలోకి చూసి, మాస్కు కిందికి లాగి, "ఇప్పుడు మన చిట్టితల్లి దీవెన. పదిహేను రోజులు మన మిషన్ మీదుండి లేచి తిరుగుతున్న తెరేసమ్మగారి అమ్మాయి" అంటున్నారు. అందరూ వెనక్కి తిరిగి చూస్తున్నారు. కుర్చీ పట్టుకుని లేచాను. నడుస్తున్నాను. ముందు వరసలో ఆంటీ నాకోసం చప్పట్లు కొడుతున్నారు, ఆవిడ పక్క కుర్చీ ఖాళీగా ఉంది, దాని మీద ఆవిడ చేతిసంచి పెట్టుకున్నారు. మైకు నా ఎత్తుకి వంచారు. చల్లగా ఉంది. నమస్కారమండీ అన్నాను, నా గొంతు హాలు వెనక నుంచి నాకే వినిపించింది. అనుకున్న నాలుగు మాటలూ ఉన్నాయి, క్లబ్బు పెద్దలకు, సభ్యులకు, మా కుటుంబం తరఫున, ఎన్నటికీ. అవి చెప్పి దిగిపోతే సరిపోతుంది. ఆవిడకి ఆ ఒక్కటీ మిగులుతుంది. నాకు ఆ నాలుగోది మిగులుతుంది, చచ్చేదాకా.

"మా అమ్మ మే పదహారున చనిపోయిందండీ" అన్నాను. "ఆ తర్వాత చెప్పిన నంబర్లన్నీ నేను కల్పించినవి. నాన్నకి తెలియకూడదని. మిషన్ ఊరికే తిరిగింది."

అమ్మ చనిపోయిందన్న మాట నేను పైకి అనడం అదే మొదటిసారి, నాన్నకి కూడా అనలేదు. దుర్గాప్రసాద్‌గారు మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, పిల్ల కంగారుపడుతోంది, టీ ఇప్పించండి అంటున్నారు. ఎవరో కుర్చీ జరిపారు. ఛాయాదేవి ఆంటీ లేచి వచ్చారు. కొడతారనుకున్నాను, కొడితే బావుండుననుకున్నాను. నా ముంజేయి పట్టుకుని కుర్చీల మధ్య నుంచి బయట వరండాలోకి తీసుకొచ్చారు. మాస్కు తీసేశారు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "ఆ ఆరు రోజులూ నువ్వేం తిన్నావు?" అని అడిగారు. పెద్దమ్మ గోడ మీద పెట్టేదండీ అన్నాను. "పెడితే తిన్నావా?" నేను అడగాల్సింది వేరే ఉంది.

"ఆంటీ, గుడివాడ వాళ్ళకి ఏమైంది?"

ఆవిడ నా మొహంలోకి చూశారు. లోపల మైకులో ఎవరో తర్వాతి కార్యక్రమం చెబుతున్నారు. మళ్ళీ అడిగాను. "నాన్నగారు కిందున్నారట కదా, పద" అన్నారు. మెట్లు దిగుతున్నాం. ఆవిడ నా ముంజేయి వదల్లేదు. సగం మెట్ల దగ్గర మూడోసారి అడిగాను. ఆవిడ ఆగి, గోడకేసి చూస్తూ, చాలా నెమ్మదిగా, "ఇంకెప్పుడూ నన్నది అడక్కు తల్లీ" అన్నారు.

బెడ్ దొరికిందని అనొచ్చు. తగ్గిందని అనొచ్చు. ఒక్క అబద్ధం, నేను ఆరు రోజులు పొద్దునా సాయంత్రం అన్నట్టు. అనలేదు ఆవిడ. మళ్ళీ మెట్లు దిగడం మొదలుపెట్టారు, వెనకే నేను. మలుపు తిరగ్గానే కింద నాన్న కనిపించాడు. మమ్మల్ని చూసి స్టూలు మీద నుంచి గబగబా లేవబోయి, గోడ పట్టుకుని, నిలదొక్కుకుని, ఛాయాదేవి ఆంటీకి రెండు చేతులూ జోడించాడు. ఏదో అనాలని చూస్తున్నాడు, ఆయాసానికి మాట రావడం లేదు. ఆయన ఊపిరి తీసి వదులుతున్న చప్పుడు మెట్ల మీదికి వినిపిస్తోంది.